నల్లగుండ్లపల్లె సీసా

మా తమ్ముడు హనుమంతరాయుడు అనంతపురంలో విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. చదువు ముగించుకుని వెళ్లిపోయే ప్రతి విద్యార్థి చేతిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టి పంపేవాడు. దాని మీద ఆ విద్యార్థి ఊరి పేరు, నీళ్లు పట్టాల్సిన బోరు ఎవరిదో రాసి అంటించేవాడు. ఏటా ఎండాకాలంలో, తొలకరికి ముందు, ఆ సీసాలో తమ ఊరి నీళ్లు పట్టి పంపాలి. రాలేనివాళ్లు బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్లు. మే నెలలో ఒక ఆదివారం పాత విద్యార్థులంతా వచ్చేవాళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో అందరి ముందూ పరీక్ష చేసి, కలిసి భోంచేసి, మళ్లీ ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు.

"ఉత్తరం రాస్తే జవాబు రాయరక్కా. మీటింగని పిలిస్తే సెలవు లేదంటారు. నీళ్లు అడిగితే మాత్రం మన పక్క ఎవరూ లేదనరు" అనేవాడు.

నిజమే. సీసాలు వచ్చేవి. ల్యాబులో గోడ పొడవునా ఒక చెక్క అర ఉండేది. ఒక్కో ఊరికి ఒక్కో చోటు. సీసా రాకపోతే ఆ చోటు ఖాళీగానే వదిలేవాడు, పక్కవాటిని జరపనిచ్చేవాడు కాదు. వరసగా రెండేళ్లు రాకపోతే ఆ చోటు కొత్తవాళ్లకు ఇచ్చేసేవాడు. మరదలు పోయాక అతనికి వండిపెట్టడానికి వచ్చి ఆ క్వార్టర్సులో ఉండిపోయినదాన్ని నేను. బళ్లారికి కూలికి పోయిన నా మొగుడు తిరిగి రాలేదు. ఆ అరలో ఖాళీ చోటు కనిపిస్తే అక్కడ దుమ్ము తుడిచి వచ్చేదాన్ని. బడి మొహం చూడని నేను అక్షరాలు కూడబలుక్కున్నది ఆ సీసాల మీది ఊళ్ల పేర్లతోనే. ఏ ఊరు రాలేదో ముందుగా నాకే తెలిసేది.

ఎప్పుడూ తప్పకుండా వచ్చే సీసా ఒకటుండేది. నల్లగుండ్లపల్లె, ఎర్రప్ప చేని బోరు. తెచ్చేది ఎర్రప్ప కూతురు చౌడేశ్వరి. తనతోపాటు చదివిన జాకబ్‌ను పెళ్లి చేసుకుని, సోమందేపల్లెలో ఇద్దరూ ఒకే ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లు. జాకబ్ వాళ్లది కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబం. ఆ పెళ్లి నాడే ఎర్రప్ప కూతుర్ని ఊర్లో అడుగు పెట్టొద్దన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. మరి సీసాలో నీళ్లు ఎలా వస్తున్నాయని అడగలేదు. తల్లి ఎవరి చేతనో పంపుతుందనుకున్నాను. మా తమ్ముడికి ఆ గొడవ సంగతే తెలియదు.

రెండువేల మూడు కరువు ఏడు. ఆ మే నెలలో కూడా చౌడేశ్వరి ఎప్పటిలాగే ఒకరోజు ముందే, శనివారమే వచ్చింది. తెచ్చిన సీసా ల్యాబులో ఇచ్చి, నాతోపాటు పెరటి అరుగు మీద కూర్చుని మర్నాటి వంటకు తెల్లగడ్డలు ఒలుస్తోంది.

"అవ్వా, ఈ తెల్లగడ్డలు ఈ జన్మలో అయిపోవు."

"నీ నోరు ఆడినంత జోరుగా చేతులు ఆడితే ఎప్పుడో అయిపోయేవి."

అంతలో మా తమ్ముడు చెప్పులు విడవకుండానే పెరట్లోకి వచ్చాడు. అంత సంతోషంగా అతన్ని చూసి చాలా రోజులైంది.

"అక్కా, రేపు తీపి ఏమన్నా చెయ్యి."

"నీకు చక్కెర జబ్బు కదప్పా."

"నాకు కాదు, ఈ పాపకు" అని చౌడేశ్వరి వైపు చూపించాడు. "నీటి పథకం ఇంజనీరు వచ్చి పోయినాడు. నల్లగుండ్లపల్లె బోరుకు మోటారు బిగించినారంట. పైపులు కూడా పరిచేసినారు. ఆ ఊరికి, పక్కన రెండూళ్లకు, బడికి, అన్నిటికీ ఇంగ ఆ నీళ్లే. వాళ్ల ల్యాబు రిపోర్టు వచ్చేసరికి వానలు కూడా పడిపోతాయి. మన దగ్గర మూడేండ్ల లెక్క వరసగా ఉండాది కదా, అది చూసే పని మొదలుపెట్టినారు. రేపు సాయంత్రం వస్తాడు, నేను సంతకం పెట్టి ఇస్తే మంగళవారం నీళ్లు వదులుతారు. చూసినావా చౌడేశ్వరీ? నువ్వు ఏటా మోసుకొచ్చిన సీసా మూడూళ్ల దప్పి తీరుస్తాంది."

"సంతోషం సార్" అంది చౌడేశ్వరి. గొంతు మాత్రం గొణిగినట్టుంది.

అతను లోపలికి పోయాడు. ఆమె చేతిలోని తెల్లగడ్డ పాయ చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి లేచి, చీరకు అంటిన పొట్టు దులుపుకుంది.

"అవ్వా, నేను పోతా. జాకబ్‌కు బాగలేదని ఫోనొచ్చిందని సార్‌తో చెప్పు."

"జాకబ్‌కు ఏమయింది?"

"ఏం కాలే."

నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. వెళ్లిపోతానన్న మనిషి కొంగు వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు.

"ఏందో చెప్పి పో."

ఆమె ఇంటి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ సీసాల్లో నీళ్లు మా ఊరివి కావవ్వా."

"మరి యాడివి?"

"సోమందేపల్లెలో మేము బాడుగకుండే ఇంటి బోరువి. ఈ ఊరి నీళ్లు నీకు లేవు పో అని నాయన చెప్పినాక నేను ఆడికి పోయి ఎట్ల పట్టేది?"

"రాలేదని చెప్పుంటే సరిపోయేది కదా పాపా."

"రెండేండ్లు రాకపోతే చోటు తీసేస్తాడు సార్. ఇంట్లో చోటు పోయింది. ఈడ కూడా పోగొట్టుకోమంటావా?" అని ఆగింది. "పరీక్షకే కదా అనుకుంటి. ఎవరో ఆ లెక్క చూసి మా ఊరోళ్లకు ఆ బోరు నీళ్లు తాపిస్తారని అనుకోలే."

ఫ్లోరైడు నీళ్ల ఊళ్లు ఎలా ఉంటాయో చూసినదాన్ని. పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు గీతలు. నడివయసు మగవాళ్లు మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూడటం.

"ఆ బోరు నీళ్లు మంచివో కాదో నీకు తెలుసా?"

"తెలీదు. మంచివే కావచ్చు. బోరు వేసిన ఏడే నేను ఊరిడిస్తి."

మంచివే కావచ్చు. ఆ మాట ఇద్దరం పట్టుకున్నాం. మంచివైతే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆమె చోటు ఆమెకు ఉంటుంది, తమ్ముడి పరువు తమ్ముడికి ఉంటుంది. లేకపోతే ఏమవుతుందో కూడా ఇద్దరికీ తెలుసు. ఒకసారి ఒక పరిశోధక విద్యార్థి చెయ్యని పరీక్షకు లెక్క రాస్తే, మా తమ్ముడు అతన్ని మళ్లీ గుమ్మం ఎక్కనివ్వలేదు. అతని పెళ్లి పిలుపు కూడా విప్పకుండా పక్కన పెట్టేశాడు.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకు మీ ఊరికి పోదాం. ఆ నీళ్లు పట్టుకుని పరీక్ష టైముకు వచ్చేద్దాం. నేను కూడా వస్తా" అన్నాను.

"నాయన రానిస్తాడా అవ్వా?"

"నీకు ఇయ్యకున్నా, నాకు నీళ్లు ఇస్తాడులే."

పొద్దున మా తమ్ముడితో, నిన్నటి సీసా మూత సరిగ్గా లేక నీళ్లు కారిపోయాయనీ, తాజాగా పట్టుకొస్తామనీ చెప్పాను. వంట సంగతి పక్కింటి వాళ్లకు అప్పజెప్పాను. అతను నన్ను వింతగా చూశాడు, అంతే.

ధర్మవరం మీదుగా కొత్తచెరువుకు బస్సు. దారి పొడవునా దున్ని వదిలేసిన ఎర్రటి చేలు. చౌడేశ్వరి మా ఇంట్లోంచి తెచ్చిన వేరే ఖాళీ సీసాను ఒళ్లో పెట్టుకుని మూత తిప్పుతూ, బిగిస్తూ కూర్చుంది. కొత్తచెరువులో దిగి ఆటో ఎక్కాం. ఊరి మొదట్లో ఒక వేపచెట్టు కిందకు రాగానే ఆమె నిలబడిపోయింది. కొంగు తల మీదకు లాక్కుంది.

"అదో, ఆ రేకులిల్లు. నేను ఈడే ఉంటా."

ఎర్రప్ప ఇంటి ముందు నీడలో కూర్చుని తాడు పేనుతున్నాడు. పొడుగాటి మనిషి, తెల్ల మీసం.

"ఎవురమ్మా, యాడ నుంచి?"

"అనంతపురం నుంచి నాయనా. యూనివర్సిటీ ప్రొఫెసరు హనుమంతరాయుడు నా తమ్ముడు. దప్పి అయితాంది, కొన్ని నీళ్లు ఇయ్యి."

అతని చూపు నన్ను దాటి వేపచెట్టు దాకా పోయి, అక్కడ ఒక క్షణం ఆగి, మళ్లీ తాడు మీదకు వచ్చింది. "మే, చెంబుతో నీళ్లు తే" అని లోపలికి కేకేశాడు.

అతని భార్య కదిరమ్మ చెంబు తెచ్చింది. చెట్టు కింద కూతుర్ని చూడగానే ఆమె కాళ్లు అటు తిరిగాయి. ఎర్రప్ప దగ్గాడు. ఆమె ఆగిపోయింది. వచ్చింది ఒకే చెంబు.

నేను సగం తాగి ఆపాను.

"అంతా తాగమ్మా. వంక బావి నీళ్లు. ఇంగ పది దినాలు వస్తే గొప్ప. పొద్దన్నే ఆడోళ్లు దిగి అడుగు గీకుతాండారు."

"బోరు ఉండాది కదా?"

"అది నాదే. నాలుగు బత్తాయి చెట్లు పెట్టుకుందామని వేయించినా. దావ పక్కనే ఉండాది, ఊరికి ఇయ్యప్పా అని ఇంజనీరు తిరిగినాడు. నేను ఇయ్యనంటి."

"మళ్లా ఎందుకు ఇచ్చినావు?"

అతను తాడు పక్కన పెట్టాడు. "యూనివర్సిటీ కాగితం చూపించినాడు. ఎర్రప్ప చేని బోరు అని దాంట్లో రాసుండాది. మా పాప తెచ్చిచ్చిన నీళ్లంట. మంచివని తేలినాయంట. ఊర్లో కొంతమంది, ఆ నీళ్లు మాకొద్దు, లోతు బోరు నీళ్లు తాగితే నడుములు పడిపోతాయి అన్నారు. నేనే అందర్నీ కూచోబెట్టి చెప్పినా. చదువుకున్న పిల్ల, నా మీద కోపముంటే ఉండనీ, ఊరి నీళ్ల మీద అబద్ధం చెప్పదు అని."

చెట్టు దగ్గరకు ఈ మాటలు వినబడతాయి. నేను అటు చూడలేదు.

"పాప ఊరిడిసినాక ఈ నీళ్లు ఆడికి ఎట్ల పోతాండాయో నాకు తెలుసులే" అని అతను భార్య వైపు గడ్డం ఎగరేశాడు. "ఈయమ్మ నాకు తెలీకుండా కండక్టరు చేతికిచ్చి పంపిస్తాంటాది. నేను చూసీ చూడనట్ల ఉండా."

కదిరమ్మ చెంబును రెండు చేతులతో పట్టుకుని నేల చూసింది. ఆమె ఏ కండక్టరు చేతా ఏమీ పంపలేదు. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు, చెట్టు కింద నిలబడ్డ పిల్లకు తెలుసు. ఆ మనిషికొక్కడికే తెలియదు. ఆమె కాదనలేదు. నేనూ కాదనలేదు.

"పరీక్షకు ఇంకొక సీసా కావాలంటాడు నా తమ్ముడు" అన్నాను.

"కరెంటు రావాల. పదకొండుకు రావాల్సింది, ఒగోసారి పన్నెండైతాది."

ఎర్రప్పా నేనూ చేను గట్టు దాకా నడిచాం. కొంచెం దూరంలో వెనకే చౌడేశ్వరి. స్టార్టరు పెట్టెకు బీగం. బీగంచెవి ఎర్రప్ప మొలతాడుకు కట్టి ఉంది. కొత్త పైపులు నల్లగా, చేల వెంబడి బడి వైపుకు పోతున్నాయి. కరెంటు రాలేదు. తిరుగు బస్సు తప్పితే పరీక్షకు అందలేం. ఇంజనీరు సంతకం చేయించుకుని వెళ్లిపోతాడు. నేను పెట్టె మీది బల్బు వైపే చూస్తూ కూర్చున్నాను. తండ్రీ కూతుళ్లు చెరొక వైపు తిరిగి నిలబడ్డారు. ఎండకు పైపుల వాసన వస్తోంది.

బల్బు వెలిగింది. ఎర్రప్ప బీగం తీసి బటను నొక్కాడు. పైపు దగ్గి, గాలి వదిలి, నీళ్లు కుమ్మరించింది. అద్దంలాంటి నీళ్లు. చౌడేశ్వరి ముందుకొచ్చి వంగింది. అతను స్టార్టరు దగ్గరే అటు తిరిగి నిలబడి నాతో అన్నాడు.

"సీసా బాగా కడిగి పట్టమను."

ఆమె కడిగింది. మళ్లీ కడిగింది. నిండా పట్టి మూత బిగించింది. కళ్లు తుడుచుకుందో, మొహం మీద పడ్డ తుంపర్లే తుడుచుకుందో నాకు తెలియదు. మేము గట్టెక్కుతుంటే వెనకనుంచి అతని గొంతు వినిపించింది.

"వచ్చే ఏడు కండక్టరు చేత వద్దు. తనే వచ్చి పట్టుకోమను."

బస్సు ధర్మవరం దాటాక చౌడేశ్వరి అంది.

"అవ్వా, మూడేండ్ల తర్వాత రమ్మన్నాడు."

"విన్నా."

"నీళ్లు మంచివైతే ఎవరికీ చెప్పే పనిలేదు కదా?"

"లేదు."

"కాకపోతే?"

"నాలుక మీద వేసుకుని చూసినావా?" అన్నాను.

"ఫ్లోరైడుకు రుచి ఉండదవ్వా" అంది, సీసాను కొంగులో చుడుతూ.

మేము చేరేసరికి పాత విద్యార్థులు భోజనాలు చేస్తున్నారు. తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుళ్లాయప్ప అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే ముద్ద పైకెత్తి చూపించాడు.

"ఏమవ్వా, పోయిన సారికంటే సంగటి ముద్ద చిన్నదైంది. సార్ జీతం తగ్గించినారా?"

"నీ పొట్ట పెద్దదైందప్పా. ముద్ద అంతే ఉండాది."

అందరూ నవ్వారు. చౌడేశ్వరి విస్తరి ముందు కూర్చుని ఊరిబిండి పచ్చడిని వేలితో అటూ ఇటూ జరిపింది, తినలేదు.

ల్యాబులో బల్ల మీద గాజు గొట్టాలు వరసగా నిలబెట్టారు. ఒక్కో గొట్టంలో ఒక్కో ఊరి నీళ్లు. అన్నిట్లోనూ ఎర్రటి రంగు మందు కలిపారు. ఇక గంటసేపు ఆగాలి. ఫ్లోరైడు లేని నీళ్లలో ఆ ఎరుపు అలాగే నిలుస్తుంది. ఫ్లోరైడు ఎక్కువయ్యేకొద్దీ ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. నేను గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. చౌడేశ్వరి కిటికీ దగ్గర నిలబడింది. మిగతావాళ్లు ఎవరికి పెళ్లయింది, ఎవరికి బదిలీ అయింది అని మాట్లాడుకుంటున్నారు. ఇంజనీరు కూడా వచ్చాడు. చంకలో ఫైలు, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

గొట్టాలు నెమ్మదిగా రంగు మారుతున్నాయి. ఒకటి ముదురు నారింజ దగ్గర ఆగింది. ఒకటి ఎర్రగానే ఉండిపోయింది. ఇవాళ తెచ్చిన నల్లగుండ్లపల్లె గొట్టం నారింజ దగ్గర ఆగలేదు. పలచబడింది. ఇంకా పలచబడింది. నేను చూస్తుండగానే పసుపు కలిపిన నీళ్లలా అయిపోయింది. కిటికీ వైపు చూశాను. చౌడేశ్వరి కూడా చూసింది.

మా తమ్ముడు వరసగా ఒక్కో గొట్టం ఎత్తి వెలుతురులో చూస్తూ వచ్చాడు. ఆ గొట్టం దగ్గర ఆగాడు. దాని పక్క గొట్టం కూడా ఎత్తాడు. అది ఎర్రగా ఉంది.

"అక్కా, నిన్నటి సీసా కారిందన్నావు, అది నిండుగానే ఉండాది. చూద్దామని దాన్ని కూడా పెట్టినా" అన్నాడు నాతో. నేను అతని మొహం వంక చూశాను. అతను మాత్రం గొట్టాల వంకే చూస్తున్నాడు. "ఒకే బోరు. నిన్నటిది ఎరుపు, ఈ పొద్దుటిది పసుపు."

"ఏమైనా ఇబ్బందా సార్?" అన్నాడు ఇంజనీరు.

"ఏం లేదు. ఇది తప్పు పరీక్ష. సీసాకు ఏదో అంటి ఉంటుంది. మూడేండ్లు వరసగా ఒకే మాదిరి వచ్చింది, నిన్నటిది కూడా దాంతో సరిపోయింది. అన్నీ ఒక పక్క, ఇదొక్కటి ఒక పక్క. ఇట్లాంటప్పుడు తేడా వచ్చినదాన్నే పక్కన పెట్టాల."

అతను పసుపు గొట్టాన్ని వరసలోంచి తీసి బల్ల చివర పెట్టాడు. ఇంజనీరు ఫైలు విప్పి కాగితం పరిచాడు, పెన్ను మూత తీసి అందించాడు. మా తమ్ముడు కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు.

నేను లేచాను. నేను నోరు విప్పితే ఆ పిల్ల మళ్లీ ఈ గుమ్మం ఎక్కదు. విప్పకపోతే మంగళవారం పైపుల్లో ఆ నీళ్లు పోతాయి. గుమ్మం చెక్క పట్టుకుని చౌడేశ్వరి వైపు చూశాను. బతిమాలుతున్నానో, బెదిరిస్తున్నానో నాకే తెలియలేదు.

ఆమె కిటికీ వదిలి బల్ల దగ్గరకు వచ్చింది. చివర పెట్టిన పసుపు గొట్టాన్ని తీసి, మళ్లీ వరసలో పెట్టింది.

"తప్పు ఇది కాదు సార్. ముందరివన్నీ తప్పు."

"అంటే?"

"ఈ పొద్దు పట్టిందొక్కటే మా ఊరి నీళ్లు. ముందరివన్నీ సోమందేపల్లెలో నేనుండే ఇంటివి."

ముందుగా తేరుకుంది ఇంజనీరు.

"ఏంది మేడమ్ ఇది? ఆడ పైపులు పరిచేసినాం."

"ఎత్తేయండి సార్."

"ఎత్తేస్తే ఆ మూడూళ్లకు ట్యాంకరే గతి. అది వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు."

"తెలుసు. బావిలో దిగి అడుగు గీకేవాళ్లలో మా అమ్మ కూడా ఉండాది."

మా తమ్ముడు పెన్ను కింద పెట్టాడు. అతని మొహం అంత పాలిపోవడం మరదలు పోయిన రోజు చూశాను, మళ్లీ ఇప్పుడే. "ఎందుకు చేసినావు?" అన్నాడు.

"చోటు పోతాదని సార్."

అతను అర వైపు చూశాడు. ఆమె చెప్పిన చోటేదో అతనికి ఒక నిమిషం అర్థం కాలేదనుకుంటాను. అర్థమయ్యాక కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడు. నవ్వులాటకు లేచాడేమోనని భయపడ్డాను.

"సార్, నాది కూడా మా ఊరి నీళ్లు కావు. తాడిపత్రిలో మా క్వార్టర్సు కొళాయివి. నాయన పోయినాక ఊర్లో ఇల్లు అమ్మేసినాం. సీసా మటుకు ఇడ్సబుద్ధి కాలే."

ఇంకెవరని మా తమ్ముడు అడగలేదు. అడగకుండానే ఒకరు లేచారు. తర్వాత గోడ పక్కన ఇంకొకరు. నేను తల దించుకున్నాను, లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

"యూనివర్సిటీ సైన్సంటే ఇదా సార్?" అన్నాడు ఇంజనీరు, కాగితం మడుస్తూ.

మా తమ్ముడు ఆ మాట పడ్డాడు. "ఆ కాగితం ఇట్లా ఇయ్యండి. నేనిచ్చిన లెక్క తప్పని దాని మీదే రాసిస్తా. తప్పు ల్యాబుదని రాస్తా, నా పేరు పెడతా" అని రాసి ఇచ్చాడు. ఇంజనీరు వెళ్లిపోయాక స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరినీ చూడకుండా అన్నాడు.

"మీ ఊరి నీళ్లు తెమ్మని అడిగితిని. మీరు యాడుండారని ఎప్పుడూ అడగకపోతిని."

తర్వాత లేచి, అరలోంచి నల్లగుండ్లపల్లె సీసా, నిన్నటిది, తీసి చౌడేశ్వరికి ఇచ్చాడు. ఆమె తీసుకుని గుమ్మం వైపు తిరిగింది. ఇంక అయిపోయిందనుకున్నాను.

"ఎటు పోతావు? దాన్ని ఒంపి కడుగు" అన్నాడతను. అంటూనే, పొద్దున పట్టిన సీసాను, అడుగున మిగిలిన నీళ్లతోనే, ఆ ఖాళీ చోట్లో పెట్టాడు. "ఇదీ నల్లగుండ్లపల్లె. అందరూ వినండి. ఇంగమీద తేలేని ఏడు ఖాళీ సీసానే పంపండి. ఖాళీది వచ్చినా చోటు ఉంటుంది. నింపిన నీళ్లు మాత్రం యాడివో ఆడివని రాయండి."

కోపం ఇంకా అతని గొంతులోనే ఉంది. ఆ సాయంత్రం చౌడేశ్వరితో మళ్లీ మాట్లాడలేదు.

బోరు సంగతి ఎర్రప్పకు ఎవరు చెప్పాలన్నది మిగిలింది. ఇంజనీరు చెబుతాడులే అన్నాడు కుళ్లాయప్ప. చౌడేశ్వరి ఒప్పుకోలేదు. ఆ పూటే పోతానంది. నేనూ వస్తానన్నాను.

"వద్దవ్వా. నువ్వుంటే నాయన నిన్ను చూసి ఊరుకుంటాడు. నేను ఒక్కదాన్నే పోవాల."

గేటు దగ్గర బస్సు ఎక్కించాను. కడిగిన ఖాళీ సీసా ఆమె సంచిలోంచి బయటకు కనిపిస్తోంది. పొద్దున ఆ మనిషి రమ్మన్నాడు. ఇప్పుడు ఆమె చెప్పబోయే మాటతో ఆ పిలుపు ఉంటుందో పోతుందో. బస్సు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడితే వాచ్‌మన్ వచ్చి, "పెద్దమ్మా, ఎవరైనా రావాల్నా?" అని అడిగాడు. పోయారప్పా, అన్నాను.

మరునాడు మధ్యాహ్నం దాకా ఫోను మోగలేదు. అన్నం వండి దించాను, చారు పొంగిపోయింది. మోగగానే తమ్ముడికంటే ముందు నేనే ఎత్తాను. కొత్తచెరువు ఎస్టీడీ బూతు నుంచి చౌడేశ్వరి.

"చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఏం అనలే. చానాసేపు తాడు పేనుకుంటా కూచున్నాడు. ఊర్లో అందరికీ నేను మాటిచ్చినానే అన్నాడు. ఆ మాట ఒక్కటే. మళ్లా మొలతాడు నుంచి బీగంచెవి ఊడబెరికి నా చేతికిచ్చినాడు. నువ్వే పెట్టుకో, ఎవరొచ్చి అడిగినా ఇయ్యొద్దు అన్నాడు."

"ఇంట్లోకి పిలిచినాడా?"

"లేదు. బయటే మంచం మీద పండుకుంటి. ఊర్లోవాళ్లు వచ్చి తిట్టి పోయినారు, నాయనను కూడా. ఆయన నోరెత్తలేదు." ఫోనులో బస్సు హారన్లు వినిపించాయి. "పొద్దన్నే అమ్మ చెంబు తీసుకుని వస్తాంటే, ఉండు అని చెప్పి, తనే తెచ్చి ఇచ్చినాడవ్వా. నీళ్లు."

అడక్కుండా ఉండలేకపోయాను.

"ఆ నీళ్లు యాడివి పాపా?"

అటువైపు ఆమె నవ్వింది. ముక్కు ఎగబీల్చుకుంటూ నవ్వింది.

"వంక బావివి. సీసాలో పట్టినాలే. సార్‌కు చెప్పు, సీసా మీద బోరు పేరు కొట్టేసి బావి పేరు రాసుకొస్తా."